ఛన్నీలో మిగిలిపోయినవాళ్లు

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తరచుగా వినపడే ఒక మాట నాకు అస్సలు పడదు. "ఔట్‌లయర్లు తీసేసి చూశాం, అంతా బాగానే ఉంది." వినడానికి సఫాయీ పని లాగే ఉంటుంది, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరి పారేసినట్టు. కానీ నేను చూసినంతలో అక్కడ ఏరి పారేసింది చాలాసార్లు మట్టిబెడ్డల్ని కాదు, మనుషుల్ని. యాప్ తెరుచుకోక ఇంతెజార్ చేసీ చేసీ ఫోన్ పక్కన పడేసినవాళ్లని. వాళ్లు లెక్కలోంచి పోయాక మిగిలిన ఔసత్, అంటే సగటు, ధగధగా మెరుస్తుంది. మేనేజర్ సాబ్ ఖుష్.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఖాందాన్లలో ఈ నౌకరీ చేస్తున్న పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చున్న కొడుకుని అమ్మీ "క్యా దేఖ్‌రా రే?" అనడిగితే "లాగ్స్ చూస్తున్నా అమ్మీ" అంటాడు. ఆమెకి అర్థం కాదు, వాడికి చెప్పే ఓపిక ఉండదు. అదే ఇంట్లో పక్క గదిలో చెల్లెలు స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి తారీఖున నింపుతూ, తెర మీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటుంది. ఆ లాగ్స్, ఆ చక్రం ఒకే దారానికి రెండు కొసలు. ఈ మజ్మూన్ ఆ రెండు గదుల కోసం.

పోలీస్ స్టేషన్లో రోజ్‌నామ్చా ఉంటుంది కదా. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏం జరిగింది అని వరసగా రాసే పుస్తకం. సాఫ్ట్‌వేర్ కూడా అలాంటిదే ఒకటి రాసుకుంటుంది. ఫలానా టైముకి ఒక రిక్వెస్ట్ వచ్చింది, డేటాబేస్‌ని అడిగాం, జవాబొచ్చింది, ఇంత వఖ్త్ పట్టింది. అందులో ఒక్కో పంక్తి ఒక్కో ఈవెంట్. యాప్ ఎందుకు నెమ్మదించిందో తెలుసుకోవాలంటే ఇంజనీరు చదివేది ఈ పుస్తకాన్నే. కచేరీలో రోజ్‌నామ్చాకి ఎంత విలువో ఇక్కడా అంతే. అందులో లేనిది జరగనట్టే.

చిక్కల్లా ఆ పుస్తకం సైజుతోనే. విండోస్‌లో 2000 సంవత్సరం వెర్షన్ నుంచీ ఈవెంట్ ట్రేసింగ్ అనే ఇంతెజాం ఉంది. దానిలో ప్రొఫైలింగ్ ఆన్ చేస్తే మామూలుగా ప్రతి మిల్లీసెకనుకీ, ప్రతి ప్రాసెసర్ దగ్గరా, "ఈ క్షణం ఏం పని చేస్తున్నావ్?" అని అడిగి రాసుకుంటుంది. 8 ప్రాసెసర్లు ఉన్న మెషీన్‌లో అన్నీ పనిలో ఉంటే సెకనుకి 8,000 పంక్తులు, నిమిషానికి 4,80,000. ఇది ఒక్క మెషీన్ సంగతి. పెద్ద కంపెనీకి వేల మెషీన్లు. ఎవరు చదువుతారు ఇదంతా? అందుకే ఫిల్టర్ కావాలి. మన వంటింటి భాషలో ఛన్నీ.

నేను ఛన్నీకి దుష్మన్ని కాదు. ఛన్నీ లేకుండా చాయ్ తాగలేం. ఫిల్టర్ పెట్టకపోతేనే ఒక్కోసారి పెద్ద ధోకా జరుగుతుంది. సర్వర్ బతికుందో లేదో చూడటానికి లోడ్ బ్యాలెన్సర్ కొన్ని సెకన్లకొకసారి తలుపు తట్టి వెళ్తుంటుంది. దాన్ని హెల్త్ చెక్ అంటారు. "ఉన్నావా?" "ఉన్నా." ఒక మిల్లీసెకన్లో అయిపోతుంది. ఒక గంటలో అసలు మనుషుల నుంచి 100 రిక్వెస్టులొచ్చి, ఒక్కోదానికి 800 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. అదే గంటలో హెల్త్ చెక్‌లు 900. అన్నీ కలిపి ఔసత్ తీస్తే 81 మిల్లీసెకన్లు కూడా రాదు. ఒక్క మనిషికి కూడా 81లో పని కాలేదు, కాగితం మీద మాత్రం అందరికీ అయింది. ఇక్కడ హెల్త్ చెక్‌లు తీసేయడమే ఇన్సాఫ్. టెస్టింగ్ టీమ్ వాళ్ల సొంత రిక్వెస్టులు తీసేయడం కూడా, రోబో ప్రోగ్రాములు తీసేయడం కూడా.

మరి ఏ ఫిల్టర్ జాయజ్, ఏది నాజాయజ్? నా దగ్గర ఒక్కటే కొలబద్ద ఉంది. అది ఎవరి రిక్వెస్టు అన్నది చూసి తీసేయొచ్చు. ఎంతసేపు పట్టిందన్నది చూసి తీసేయకూడదు. నువ్వు కొలుస్తున్నదే ఆలస్యాన్ని అయినప్పుడు, ఆలస్యమైనవాటిని బయట పెట్టి కొలిస్తే అదేం కొలత? ఫెయిలైన పిల్లల పేర్లు హాజరీ పట్టీలోంచి కొట్టేసి, మా స్కూల్లో నూరు శాతం పాస్ అన్నట్టు.

ఇలాంటి డాష్‌బోర్డ్ నేను కళ్లారా చూశాను. కంపెనీ పేరు అనవసరం. 30 సెకన్లు దాటిన రిక్వెస్టులన్నీ గ్రాఫ్‌లోంచి బయటే. ఎందుకంటే, అప్పటికి యూజర్ వెళ్లిపోయి ఉంటాడు, అది 'చెల్లని డేటా' అన్నారు. టైమౌటై తెగిపోయినవి కూడా బయటే, ఎందుకంటే అవి 'సక్సెస్' కాదు కాబట్టి, సక్సెస్ అయినవాటికే టైం కొలుస్తారు కాబట్టి. కాల్ సెంటర్‌కి మాత్రం రోజూ ఫరియాదులు వస్తూనే ఉన్నాయి. కొత్తగా చేరిన టెస్టర్ అమ్మాయి మీటింగ్‌లో నింపాదిగా ఒక సవాల్ వేసింది: "సార్, తీసేసినవి ఎన్ని?" గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎన్ని తీసేశారో లెక్కే పెట్టలేదు. తీసేసింది తప్పు అనడం కంటే ఇది నాకు ఎక్కువ బాధ. పారేసేముందు కనీసం లెక్కబెట్టాలన్న ఖయాల్ కూడా లేకపోవడం.

కొన్నిసార్లు ఎవరూ ఫిల్టర్ పెట్టరు, అయినా ఛన్నీ పని చేస్తూనే ఉంటుంది. దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి మిసాల్ యూట్యూబ్‌ది. అక్కడ వెబ్ డెవలపర్‌గా చేసిన క్రిస్ జకరయాస్ 2012లో రాశారు. అంతకు మూడేళ్ల ముందు యూట్యూబ్ వీడియో పేజీ బరువు 1.2 మెగాబైట్లు. దాన్ని 100 కిలోబైట్లలోపు తెస్తానని ఆయన పట్టుబట్టి కూర్చున్నారు. కోసీ, చెక్కీ 98 కిలోబైట్లకి తెచ్చారు. ఆ ప్రాజెక్టుకి 'ఫెదర్' అని పేరు, అంటే ఈక. కొంతమందికి మాత్రం ఆ తేలికపాటి పేజీ ఇచ్చి, వారం తర్వాత లెక్క చూశారు. పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గలేదు. పెరిగింది!

పన్నెండో వంతు బరువుకి దించిన పేజీ ఎలా నెమ్మదిస్తుంది? దాన్ని అక్కడే ఆపేసి ఉంటే ఆ మెహనత్ అంతా చెత్తబుట్టలోకి పోయేది. కానీ ఆ డేటాని దేశాల వారీగా, ఇలాకాల వారీగా విడగొట్టి చూస్తే అసలు హకీకత్ బయటపడింది. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియాలోని మారుమూల ప్రాంతాల నుంచి ఎన్నడూ లేనంత మంది కొత్తగా వచ్చారు. వాళ్ల నెట్‌వర్క్ మీద కొత్త పేజీకి రెండు నిమిషాలు పడుతోంది. పాత పేజీ అయితే 20 నిమిషాలు. 20 నిమిషాలు ఎవరు కూర్చుంటారు? అందుకే వాళ్లు అసలు వచ్చేవాళ్లే కాదు. రానివాళ్ల ఈవెంట్ ఎవరి రోజ్‌నామ్చాలోనూ ఉండదు. పేజీ తేలికయ్యాక వాళ్లొచ్చారు, వాళ్ల రెండు నిమిషాలు లెక్కలో చేరాయి, సగటు పెరిగింది. చాలామందికి మొదటిసారి తలుపు తెరుచుకున్న వారం, కాగితం మీద నష్టంలా కనిపించింది.

గమనించండి, అక్కడ నిజం చెప్పింది కూడా ఫిల్టరే. ఇలాకా అనే ఫిల్టర్. కానీ అది పారేసే ఫిల్టర్ కాదు, వేరు చేసి చూపించే ఫిల్టర్. చాటలో చెరిగినప్పుడు బియ్యం ఒక పక్కకి, నూక ఒక పక్కకి వస్తాయి. నూకని పారేసే ఇల్లు ఏదైనా ఉందా? దాని పని దానికుంటుంది. నా వాదన మొత్తం ఇంతే. డేటాని విడగొట్టడానికి ఎన్ని జల్లెడలైనా పెట్టండి. పారేయడానికి పెట్టేముందు మాత్రం పదిసార్లు ఆలోచించండి.

విడగొట్టడంలో వఖ్త్‌ని మరిచిపోతారు చాలామంది. హైదరాబాద్‌లో తిండి ఆర్డర్లు తీసుకునే యాప్‌కి రంజాన్‌లో ఇఫ్తార్‌కి ముందు అరగంట ఎలా ఉంటుందో ఊహించండి. 24 గంటల సగటు తీస్తే ఆ అరగంట కరిగిపోతుంది, చెరువులో చెంచాడు ఉప్పు వేసినట్టు. రోజు మొత్తం ఠీక్‌గా ఉంది అంటారు. పాపం ఆర్డరు పెట్టినవాళ్లకి కావాల్సింది రోజు మొత్తం కాదు, ఆ అరగంటే. అక్కడ సరైన ఫిల్టర్ అంటే మిగతా ఇరవై మూడున్నర గంటలు పక్కన పెట్టి ఆ అరగంటనే భూతద్దం కింద పెట్టడం.

ఇక అన్నిటికంటే చాలాక్ ఛన్నీ ఒకటుంది. అది కొలిచే పరికరంలోనే దాక్కుని ఉంటుంది. జావా సిస్టమ్‌ల పనితీరు మీద పేరున్న ఇంజనీర్ గిల్ టెనే దాన్ని 'కోఆర్డినేటెడ్ ఒమిషన్' అన్నారు. పేరు చూసి భయపడొద్దు, దవాఖానాకి వెళ్దాం రండి. కాంపౌండర్ ఒక్కొక్క రోగిని లోపలికి పంపి, బయటికొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో రాస్తున్నాడు. డాక్టర్ సాబ్ మధ్యలో లేచి గంటన్నర ఎటో వెళ్లిపోయారు. లోపల కూర్చున్న ఒక్కడి పేరు మీద 'గంటన్నర' అని పడింది. బయట బెంచీ మీద 40 మంది మూలుగుతున్నారు. వాళ్లని లోపలికే పంపలేదు కాబట్టి వాళ్ల గడియారం మొదలే కాలేదు. సాయంత్రం లెక్కలో ఒక్కడే ఆలస్యమైన రోగి. ఒక్కడే కదా, ఔట్‌లయర్, తీసేయ్.

ఇప్పుడు అంకెల్లో చూడండి. సెకనుకి 100 రిక్వెస్టులు రావాల్సిన సర్వర్. మొదటి 100 సెకన్లు ఒక్కోటి 1 మిల్లీసెకనులో చేసింది. తర్వాత 100 సెకన్లు మొత్తం గడ్డకట్టుకుపోయింది. జవాబు వస్తేగానీ తర్వాతి రిక్వెస్టు పంపని టెస్ట్ ప్రోగ్రాం ఏం రాస్తుంది? 1 మిల్లీసెకనువి 10,000, 100 సెకన్లది ఒకటి. సగటు సుమారు 11 మిల్లీసెకన్లు. ముబారక్! కానీ ఆ రెండో 100 సెకన్లలో కూడా రావాల్సిన మనుషులు 10,000 మంది ఉన్నారు. మొదట్లో వచ్చినవాడు దాదాపు 100 సెకన్లు, చివర్లో వచ్చినవాడు క్షణం, సగటున 50 సెకన్లు ఆగి ఉంటారు. అందరినీ కలిపి లెక్కిస్తే అసలు సగటు 25 సెకన్లు. 11 మిల్లీసెకన్లు ఎక్కడ, 25 సెకన్లు ఎక్కడ! రెండు వేల రెట్లకు పైగా ఫరఖ్. ఇందులో ఎవరూ ఝూట్ చెప్పలేదు. కొలిచినవాడు నిజాయితీగానే కొలిచాడు. సర్వర్ కుదేలైన ఆ క్షణంలోనే గవాహీ ఇవ్వాల్సినవాళ్లు గేటు బయట ఉండిపోయారు, అంతే.

దీనికి తమ్ముడి వరసయ్యేది ఇంకోటి. ప్రొఫైలర్ అడిగే ప్రశ్న "ఏం పని చేస్తున్నావ్?" అని. పని చేస్తున్నవాడే దానికి కనిపిస్తాడు. తాళం కోసమో, డేటాబేస్ జవాబు కోసమో ఆగి నిలబడ్డ థ్రెడ్ ఆ లెక్కలో ఉండదు. యాప్ 10 సెకన్లు నిలిచిపోయినా ప్రాసెసర్ ఖాళీగా ఉంది, ఏ తక్లీఫూ లేదు అంటుంది రిపోర్టు. నిలబడటాన్ని చూడాలంటే థ్రెడ్లు ఎప్పుడు ఆగాయి, ఎప్పుడు లేచాయి అనే ఈవెంట్లు విడిగా ఆన్ చేసుకోవాలి. విండోస్ మీద పర్ఫ్‌వ్యూ వాడే పిల్లలకి అందులోని 'థ్రెడ్ టైమ్' చూపు ఇందుకే ఉందని తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఈ రాత్రే తెరిచి చూడండి.

ఈ మాటలు అంటే నాకు ఎప్పుడూ ఎదురయ్యే జవాబు, "ఒక్క శాతం మంది కోసం ఇంత హంగామా ఎందుకు భాయ్?" అని. ఒక్క శాతం అంత చిన్నది కాదు. గూగుల్‌లో పనిచేసిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన వ్యాసంలో ఒక లెక్క చూపించారు. ఒక సర్వర్ వందలో ఒక్కసారి మాత్రమే సెకను కంటే ఎక్కువ తీసుకుంటుందనుకుందాం. మీ ఒక్క క్లిక్‌కి వెనకాల అలాంటి 100 సర్వర్లు జవాబివ్వాలనుకుందాం. అప్పుడు సెకను దాటేది వందలో ఒక్క క్లిక్ కాదు, 63. ఎందుకంటే ఆ వందమందిలో ఏ ఒక్కరు ఆలస్యం చేసినా మీరు ఆగాల్సిందే. బారాత్‌లో ఒక్క కారు పంక్చరైనా నికాహ్ టైముకి మొదలవదు కదా. కాబట్టి ఆ ఒక్క శాతాన్ని ఛన్నీలో వదిలేస్తే, నువ్వు వదిలేసింది సగానికి పైగా జనాన్ని కావచ్చు.

బడా కంపెనీల కొలబద్దల్లోనూ ఈ తెంపు ఉంటుంది. వెబ్‌సైట్లు ఎంత చురుగ్గా ఉన్నాయో చెప్పడానికి 2020 నుంచి గూగుల్ వాడుతున్న కోర్ వెబ్ వైటల్స్‌లో 75వ పర్సెంటైల్ చూస్తారు. వచ్చినవాళ్లలో నలుగురికి ముగ్గురి అనుభవం బాగుంటే ఆ సైట్ పాస్. నాలుగోవాడికి ఎంత ఘోరంగా ఉన్నా సరే. ఒక గీత ఎక్కడో గీయాలి, ఒప్పుకుంటాను. షాపింగ్ సైట్‌కి ఆ గీత చాలేమో. పెన్షన్‌కి, హాల్ టికెట్‌కి, దవాఖానా అపాయింట్‌మెంట్‌కి ఆ గీత చాలదు. అక్కడ నాలుగోవాడే ముఖ్యం. పాత ఫోన్, పగిలిన తెర, నెలాఖరుకి అయిపోయిన డేటా ప్యాక్, వాడి దగ్గరే ఉంటాయి ఇవన్నీ.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే బేఇన్సాఫీ అవుతుంది. అన్నీ దాచుకోవడం ముఫ్త్ కాదు. గూగుల్ 2010లో తన డాపర్ ట్రేసింగ్ గురించి ప్రకటించినప్పుడు, మొదటి వెర్షన్‌లో 1,024 రిక్వెస్టుల్లో ఒక్కదాన్నే పూర్తిగా రాసుకున్నామని చెప్పింది. నాకు ఈ చిట్టీ తీసే పద్ధతి మీద పెద్దగా షికాయత్ లేదు. చిట్టీ ముఖం చూడదు. వేగంగా వెళ్లినవాడికీ, ఇరుక్కుపోయినవాడికీ ఒకే కిస్మత్. కాకపోతే పదివేలలో ఒకసారి వచ్చే జబ్బు అలాంటి చిట్టీలో ఎప్పటికో గానీ తగలదు. అందుకే ఇప్పుడు ఓపెన్ టెలిమెట్రీ లాంటి వాటిలో ఇంకో తరీఖా ఉంది. రిక్వెస్టు మొత్తం ముగిసేదాకా ఆగి, ఆ తర్వాత ఉంచాలా తీసేయాలా తేలుస్తారు. టెయిల్ శాంప్లింగ్ అంటారు. తప్పు జరిగినవీ, ఆలస్యమైనవీ అన్నీ ఉంచు, సాఫీగా పోయినవాటిలోంచి కొన్నే ఉంచు. పాత డాష్‌బోర్డ్‌కి పూర్తిగా ఉల్టా. సగటు తీసేటప్పుడు మాత్రం ఎన్నిటిలోంచి ఎన్ని ఉంచామో ఆ నిష్పత్తితో సరిచేయాలి, లేకపోతే అంతా తగలబడిపోతున్నట్టు కనిపిస్తుంది.

ఈ నౌకరీలో ఉన్న పిల్లలకి నా గుజారిష్: గ్రాఫ్ ఎవరికైనా పంపేటప్పుడు దాని కిందే ఫిల్టర్ ఏంటో, దాని వల్ల ఎన్ని ఈవెంట్లు బయట పడ్డాయో ఒక పంక్తి రాయండి. బఫర్ నిండిపోయి రాసుకోలేకపోయిన ఈవెంట్లుంటే అదీ రాయండి. టూల్ 'ఇన్ని పోయాయి' అని హెచ్చరిక చూపిస్తుంది, చాలామంది చదవకుండా మూసేస్తారు. సర్వర్ మీద భారం పెరిగినప్పుడే ఆ బఫర్ నిండుతుంది. అంటే పోయినవి ఖచ్చితంగా మీకు కావాల్సిన నిమిషానివే.

పక్క గదిలో ఫారం నింపుతున్న చెల్లెళ్లకి, టికెట్ బుక్ కాక తిట్టుకుంటున్న అబ్బాజాన్లకి ఒక సలహా. "మీ యాప్ పని చేయట్లేదు" అని ఫరియాద్ రాస్తే అటువైపు వాడు వెతకడానికి ఏమీ ఉండదు. తారీఖు, గంట, నిమిషం రాయండి. ఏ ఊరు, ఏ ఫోను, ఇంటి వైఫై మీదా సిమ్ డేటా మీదా, ఏ బటన్ నొక్కాక ఆగింది, ఎంతసేపు ఆగారు. తెర మీద ఏదైనా నంబరు కనిపిస్తే ఫోటో తీసి పంపండి, మీ పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎవరికీ పంపకండి. అటువైపు కూర్చున్న పిల్లాడు తన ఫిల్టర్ పెట్టెలో నింపేది సరిగ్గా ఈ గడులే. సాయంత్రం 6 గంటల 42 నిమిషాలు, నల్గొండ, పాత ఆండ్రాయిడ్ ఫోన్, సిమ్ డేటా అని మీరు రాస్తే, లక్షల పంక్తుల్లోంచి మీ ఒక్క పంక్తి పట్టుకోవడానికి వాడికి రెండు నిమిషాలు చాలు.